భోజనపు బల్ల వద్ద పరిహాసము – ఆమ్లపిత్తము

ఆమ్లపిత్తముతో బాధపడువారు నా వద్దకు వచ్చినప్పుడు ఏమి తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, కారము ఎంత, కాఫీలు ఎన్ని అని అడుగుట నాకు అలవాటు. ఎవరి ప్రక్కన కూర్చుండి తిన్నారని అడుగుట మాత్రము చాలా ఆలస్యముగా నేర్చుకొన్నాను. ఆ పాఠము నేర్పినవాడు ఒక రోగి. అతని అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాను, పేరు మాత్రము చెప్పను.

మా బోరబండలో ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలెక్కితే మరుసటి స్టేషను హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది, 2003లో ఈ రైళ్లు వచ్చినవి. ఆ కార్యాలయములలో పనిచేయువారు నా రోగులలో నానాటికి పెరిగినారు. ఈ యువకుడు వారిలో ఒకడు. ముప్పది దాటిన వయస్సు. మధ్యాహ్న భోజనమైన గంటకు గుండెల్లో మంట, పుల్లని త్రేన్పులు, సాయంత్రమునకు తలనొప్పి. ధనియాల హిమము, ఉసిరిక చూర్ణము ఇచ్చి, ఊరగాయ మాన్పించినాను. మూడు వారములైనను గుణము కనబడలేదు. నాలుగవ పర్యాయము వచ్చినప్పుడు తానే ఒక వింత చెప్పినాడు.

“ఆదివారం బిర్యానీ తిన్నా మండదు డాక్టరుగారూ. సోమవారం పెరుగన్నం తిన్నా మండుతుంది.”

అప్పుడు అడిగినాను, సోమవారము ఎక్కడ తింటావు, ఎవరితో తింటావు అని.

కార్యాలయములో వారు ఆరుగురు ఒకే బల్ల వద్ద తింటారట. వారిలో ఒకాయన వయస్సులో పెద్దవాడు, పెద్ద గొంతు, నోరు తెరిస్తే హాస్యము. పనిలో దిట్ట. ఎవరికి కష్టమొచ్చినా ముందుండేవాడు. ఆయన లేని దినమున బల్ల చిన్నబోతుందని మా రోగియే ఒప్పుకొన్నాడు. అయితే ఇతడు బోరబండవాడని తెలిసిన దినము నుండి ఆయనకు ఒక మాట దొరికినది. “ఎర్రగడ్డ గోడ దూకి వచ్చినవా? మందు వేసుకున్నవా?” ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరు మన నగరములో ఎంతటి పరిహాసమునకు వాడుకో పాఠకులకు తెలియనిది కాదు. ఆ ప్రక్కనే ఆయుర్వేద వైద్యశాల, ఛాతీ ఆసుపత్రి ఉన్నను ఆ ఊరి పేరు చెప్పగానే జనులకు గుర్తు వచ్చునది ఒక్కటే. నేనును చిన్నతనమున ఆ మాట అన్నవాడనే.

ఇతని సొంత అన్న అక్కడ చికిత్స పొందుతున్నాడు. బల్ల వద్ద ఎవరికీ తెలియదు. ఆ మాట వచ్చినప్పుడెల్ల ఇతడు అందరితో పాటు నవ్వి, ముద్ద మింగి, లేచి వచ్చేవాడు. పదునాలుగు నెలలు!

ఇక శాస్త్రమేమి చెప్పుచున్నదో చూడుడు. చరక సంహిత విమాన స్థానము మొదటి అధ్యాయములో భోజన విధులు ఉన్నవి. మాటలాడక, నవ్వక, మనస్సు అన్నముపై నిలిపి తినవలెనని అందులో ఒక విధి. దీనిని ఛాందసమని కొట్టివేయువారు కలరు. కాని నవ్వుతూ మింగినప్పుడు పొలమారుట, గాలి కడుపులోనికి పోయి త్రేన్పులు కలుగుట ఎవరి ఇంట చూడలేదు? తరువాతి అధ్యాయములో ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఉన్నది. పథ్యమైన అన్నము తగు మాత్రలో తిన్నను, చింత, శోకము, భయము, క్రోధము ఉన్నవానికి అది జీర్ణము కాదు. పెరుగన్నము మండుటకు కారణము అదియే. నేను మూడు వారములు ధనియాలకు పని చెప్పి, క్రోధము సంగతి అడుగలేదు.

అయినచో హాస్యము విషమా? కాదు. సూత్ర స్థానము ఏడవ అధ్యాయము ఈ విషయమున నాకు దారి చూపినది. మలమూత్రములు, తుమ్ము, ఆకలి, నిద్ర మొదలగు పదమూడు వేగములను ఆపరాదని అందులో చెప్పినారు. కన్నీరు ఆ పదమూడింటిలో ఒకటి. దానిని ఆపినవానికి పడిశము, నేత్రరోగము, హృద్రోగము, అరుచి, భ్రమ కలుగునట. దానికి చెప్పిన ఉపశమనములలో నిద్రతో పాటు ప్రియమైన మాటలు కూడ ఉన్నవి. అనగా మాట అక్కడ ఔషధము. అదే అధ్యాయములో మరికొంత దూరము పోగా, ఆపదగిన వేగముల పట్టిక వచ్చును. పరుషమైన మాట, మితిమీరిన మాట, చాడి, అసత్యము, కాలము కాని మాట అందులో చేరినవి. ఎర్రగడ్డ మాట అన్నవాని హృదయములో పరుషము లేదు. ఆ మాట మితిమీరినది, అన్నము ముందర అకాలమున వచ్చినది.

సద్వృత్తములో బిగ్గరగా నవ్వరాదని చెప్పినంత మాత్రమున బిగ్గరగా నవ్వువాడెల్ల దుష్టుడు కాడు. అధిక భాషణము వాత ప్రకృతి లక్షణములలో ఒకటి. ప్రకృతి వ్యాధి కాదు, దానిని మార్చబూనుట వృథా ప్రయాస.

ఈ విషయమున నేను చేసిన తప్పు ఒకటి చెప్పవలెను. గురుకులము విడిచిన క్రొత్తలో ఒక ధర్మ వైద్యశాలలో పనిచేసినాను. అక్కడ నా తోటి వైద్యుడు ఇట్టి హాస్యప్రియుడే. నా పిలకను, నా శ్లోకములను రోగుల ముందు పరిహాసము చేసేవాడు. రెండేండ్లు నవ్వి ఊరుకొన్నాను, మనస్సులో మాత్రము లెక్క వ్రాసుకొన్నాను. ఒకనాడు రోగులందరి ఎదుట, ఆయన చదువును ఎత్తి ఒక మాట అన్నాను. గది నిశ్శబ్దమైనది. ఆయన ఆ తరువాత నాతో మాటలాడలేదు. నేను ఆపవలసిన వేగమును వదలి, చెప్పవలసిన మాటను రెండేండ్లు ఆపినాను. మా గురువుగారు విని, “కషాయము వేళకు ఇవ్వకుండా కడవ నిండా ఒక్కసారి త్రాగించినావు” అన్నారు.

అందుచేత మా రోగికి ఇట్లు చెప్పినాను: “నాయనా, బల్ల వద్ద బదులు చెప్పవద్దు. కోపము వచ్చినప్పుడు ముద్ద పూర్తిగా నమిలి మింగుము. ఆ సాయంత్రమే, కాకపోతే మరునాడు, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పుము. ఒక్క విషయమే చెప్పుము. పాత లెక్కలు తీయవద్దు, పై అధికారి వద్దకు ముందుగా పోవద్దు.” ఏమనవలెనో కూడ ఇద్దరమూ కూర్చుండి అనుకొన్నాము. “అన్నా, ఎర్రగడ్డ మాట ఒక్కటి నా దగ్గర వద్దు. మా ఇంటి మనిషి అక్కడ మందు వాడుతున్నడు. మిగతావి ఏమన్నా అనుకో, నేనూ నవ్వుతా.” అన్నగారి సంగతి బయటపెట్టుట ఇష్టము లేనిచో మొదటి వాక్యము చాలునని అన్నాను. అతడు రెండును చెప్పినాడు. ఆయన ముఖము తెల్లబోయినదట. రెండు దినములు బల్ల వద్ద నోరు మెదపలేదట.

ఔషధము సంగతి: రెండు చెంచాల ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, ఆరు రెట్లు చల్లని నీటిలో రాత్రి నానవేసి, ఉదయము వడగట్టి, కొద్దిగా పటికబెల్లము కలిపి సేవించవలెను. మధుమేహము ఉన్నవారు పటికబెల్లము వేయరాదు. నొప్పి ఎడమ భుజమునకు గాని దవడకు గాని ప్రాకినను, మలము నల్లగా పోయినను, రక్తపు వాంతి అయినను ఇంటి వైద్యము మాని తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

ఒంటరిగా చెప్పుట అన్ని పరిహాసములకును చాలదు. స్త్రీల శరీరమును గూర్చి, కామపరముగా ఆడు మాటలకు 2013 నాటి చట్టము ఉన్నది. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు ప్రతి చోట అంతర్గత సంఘము ఉండవలెను, సంఘటన జరిగిన మూడు నెలలలో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. కులమును ఎత్తి దళిత, గిరిజనులను నలుగురిలో అవమానించుట 1989 నాటి చట్టము క్రింద నేరము. అట్టి మాటలు పడుతున్నవారికి నేను ముద్ద నమలమని చెప్పను.

మా యువకుడు మొన్న మరల వచ్చినాడు. ధనియాల నీళ్ల సీసా కార్యాలయమునకు తీసుకొనిపోతున్నాడట. అది చూచి ఆ పెద్దమనిషి ఇప్పుడు “ధనియాల స్వామి” అని పిలుస్తున్నాడట. ఆ పేరు నాకు చెప్పుచు తానే నవ్వినాడు. మంట వారమునకు ఒకమారు వస్తున్నది, అదియు రెండవ కాఫీ త్రాగిన దినమున.