మోటారు బండిలో రేడియో రొద



మోటారు బండిలో అమర్చిన మాటల రేడియోకు, ఇంటిలోని రేడియోకు లేని చిక్కు ఒకటి కలదు. ఇంటి రేడియో నిలుకడగా ఒకచోట నుండును. బండి రేడియో యన్ననో, తన్ను మోయుచున్న యంత్రము ప్రక్కనే కూర్చుండి, ఎక్కడనో దూరమున నున్న మనుష్యుని మాట వినవలసియున్నది. కావున చిటపటలు, గుయ్యిమను కూత, గీచినట్లుండు బరబర, ఎడతెగని హోరు దానిలో తఱచుగా వినబడుచుండును. విన్నవారిలో పెక్కుమంది సెట్టు చెడినదని తలతురు. చాలవఱకు సెట్టు చెడియుండదు. రొద ఎచట పుట్టుచున్నదో కనుగొను పద్ధతిని గూర్చి నేడు మనవి చేసెదను.

నేను చెప్పబోవునది ముఖ్యముగా సిటిజన్ బ్యాండు, అనగా సాధారణ ప్రజల మాటలకై విడిచిన తరంగముల పట్టీని గూర్చినది. అది 27 మెగాహెర్ట్జుల దాపున నున్నది. అచ్చటి అలయొక్క పొడవు ఇంచుమించు 11 మీటర్లు. మన దేశమున 26.957 మొదలు 27.283 మెగాహెర్ట్జుల వఱకు గల పట్టీలో, 5 వాట్లకు మించని శక్తియు తనలోనే ఇమిడిన ఏరియలును గల సెట్టులకు లైసెన్సు మినహాయింపు కలదు. బండిపైన వేఱుగా ఏరియలు నిలుపదలచినవారు ముందుగా అనుమతి సంగతి విచారించుకొనవలెను.

ఇక రొదకు మూలమేమి? 1887, 1888 సంవత్సరములలో జర్మనీ దేశమున హెర్ట్జు పండితుడు రేడియో అలలను మొట్టమొదట పుట్టించి చూపినది విద్యుత్తు నిప్పురవ్వతోనే. రవ్వ ఎగసినచోటనెల్ల అల పుట్టును. పెట్రోలు ఇంజనులోని స్పార్కు ప్లగ్గు చేయు పనియు రవ్వలను ఎగజిమ్ముటయే. అందుచేత పెట్రోలు బండి ప్రతి యొక్కటియు తెలియకయే ఒక చిన్న ప్రసార కేంద్రమై యున్నది. ఆకాశమున మెఱుపును అట్టిదే, కాని మిక్కిలి పెద్దది. డీజిలు ఇంజనులో ఇంధనము గాలి యొత్తిడి వేడిమికే మండును గనుక ఈ రవ్వల బాధ అందు లేదు.

మఱి అదే బండిలో ఎఫ్. ఎమ్. పాటలు శుభ్రముగా వినబడుచుండగా ఈ సెట్టుకే ఇంత రొద యేల యని అడుగవచ్చును. ఈ సెట్టులలో పెక్కింట అలయొక్క బలమునందలి హెచ్చుతగ్గులే మాటను మోయుచుండును. రవ్వ చెఱచునదియు ఆ బలమునే. ఎఫ్. ఎమ్. పద్ధతిలో మాటను మోయునది అలయొక్క వేగిరపాటులోని మార్పు. అందుచేత రవ్వ దాని నంతగా చెఱుపజాలదు.

రొద పుట్టుచోటును కనుగొనుటకు మన తర్కశాస్త్రమే చాలును. నేను చిన్ననాట తర్కసంగ్రహము చదువునపుడు గురువుగారు అన్వయవ్యతిరేకములను పదేపదే వల్లె వేయించెడివారు. ఒకటి యున్నప్పుడు రెండవది యుండుట అన్వయము. అది లేనప్పుడు ఇదియు లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరిననే కారణము స్థిరపడును. ఒక్కసారి కుదిరినంత మాత్రమున నమ్మరాదు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కమాటు కలియవచ్చును. ప్రతి పరీక్షను మూడు మారులైనను చేయవలెను.

ఈ పద్ధతి ఎంత దూరము పోగలదో ఒక ఉదాహరణము చెప్పెదను. అమెరికా దేశమున జాన్స్కీ యను ఇంజనీరు రేడియో టెలిఫోనులను బాధించు రొదను పరిశీలించుచు, దగ్గఱి ఉరుముల రొదను, దూరపు ఉరుముల రొదను వేఱుపఱచెను. మూడవదొక సన్నని హోరు మిగిలెను. అది దినదినమును 4 నిమిషములు ముందుగా హెచ్చుచుండెను. పంచాంగము తెలిసినవారికి ఈ 4 నిమిషముల మర్మము సులభముగా బోధపడును. నాక్షత్ర దినము సూర్యుని ననుసరించు దినముకంటె అంత తక్కువ. కావున ఆ రొద సూర్యునిది కాదు, భూమిది కాదు, నక్షత్రలోకమునుండి వచ్చుచున్నదని ఆయన 1933లో ప్రకటించెను. అది ధనూరాశి వైపునుండి వచ్చు పాలపుంత రొద. నక్షత్రముల రొదను పట్టిన పద్ధతికి బండి రొద ఒక లెక్కయా?

మొదటి పరీక్ష. బండిని నిలిపి, ఇంజను ఆపి, రేడియోను మాత్రము వినవలెను. రొద ఆగినచో అది ఇంజను సంబంధమైనది. ఆగనిచో వెలుపలిది, లేదా బండిలోని మఱియొక పరికరముది.

రెండవ పరీక్ష. రొదయొక్క స్వభావమును గమనింపవలెను. ఇంజను వేగముతో పాటు చిటపటలు త్వరపడినచో అవి ప్లగ్గు రవ్వలు. కూత సన్ననై పైకెక్కినచో అది బ్యాటరీకి విద్యుత్తు నిచ్చు ఆల్టర్నేటరుది. గతుకులలో మాత్రము బరబరలాడినచో ఎచటనో బిగువు సడలినది. వైపరు తిరుగునపుడు వచ్చినచో దాని మోటారుది. ఇంజను వేగముతో సంబంధము లేని హోరైనచో, ముందుగా సెల్‌ఫోను చార్జరును ఊడదీసి చూడవలెను. ఈ కాలమున పెక్కు బండ్లలో దోషి అదియే.

మూడవ పరీక్ష. ఏరియలు తీగను సెట్టునుండి విడదీసి వినవలెను. రొద పోయినచో అది ఏరియలు దారిని వచ్చుచున్నది. పోనిచో బ్యాటరీ తీగల దారిని వచ్చుచున్నది. ఏరియలు లేనపుడు మాత్రము మీట నొక్కి మాటలాడరాదు, సెట్టు కాలిపోవచ్చును.

కారణము తెలిసిన వెనుక చికిత్స సులభము. రవ్వలకు, లోపల నిరోధము గల ప్లగ్గులను, రొదను అణచు తీగలను ఆ బండికి తగినవి చూచి వేయించవలెను. బ్యాటరీ దారిని వచ్చుదానికి, సెట్టుయొక్క రెండు తీగలను తిన్నగా బ్యాటరీకే కలిపి, దాని దాపుననే ఫ్యూజు నుంచి, ప్లగ్గు తీగలకు దూరముగా నడిపించవలెను. అప్పటికిని పోనిచో ఫిల్టరు వేయవలెను. కూత హెచ్చుగా నున్నచో ఆల్టర్నేటరునే మెకానిక్కునకు చూపుట మేలు.

మన కోనసీమలో మఱియొక శత్రువు కలదు. అది ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు ప్రాంతములలో తిరుగు బండ్లకు ఏరియలు మొదట తుప్పును, ఎర్తు తీగ కొనయందు చిలుమును త్వరగా పట్టును. పైకి బిగువుగా కనబడు మరయే లోపల విద్యుత్తును సాగనీయదు. దానిని విప్పి, లోహము మెఱయునట్లు గీకి, బిగించి, తడి తగులకుండ కప్పవలెను. సంవత్సరమున కొకసారి, వానలకు ముందే, ఈ పని చేయుట మంచిది.

నా పూర్వశిష్యుడొకడు రాజోలు తాలూకాలో పెట్రోలు జీపునందు ఇట్టి సెట్టు నుంచుకొనెను. రొద భరింపలేక క్రొత్త సెట్టు కొనుటకు సిద్ధపడెను. పరీక్షలు చేయగా మొదట ప్లగ్గుల దోషము తేలినది. వానిని మార్చినపిదప చిటపటలు పోయినవి. కాని కాలువగట్టున ఒక మలుపు చెంత మాత్రము ఇంజను ఆపినను బుసబుస మానలేదు. తల యెత్తి చూడగా కొబ్బరిమట్ట యొకటి కరెంటు తీగను రాచుకొనుచున్నది. లైన్‌మనునకు కబురంపగా అతడు కరెంటు ఆపించి మట్టను తొలగించెను, రొదయు తొలగెను. ఒక రొదకు రెండు కారణములుండవచ్చునని దీనివలన తెలియుచున్నది. అట్టి మట్టను ఎవరును తామే లాగబోరాదు, అది ప్రాణాపాయము.

స్క్వెల్చి యను మీటను గూర్చియు ఒక మాట. దానిని త్రిప్పినచో రొద వినబడదు. కాని రొద పోలేదు, చెవి మూయబడినది. రొదతో పాటు బలము లేని మాటయు ఆ మూతక్రింద పడిపోవును. సెట్టు మూగగా నున్నది గనుక బాగుగా నున్నదని సంతోషించువాడు, తన్ను పిలుచువాడు లేడని భ్రమపడుచున్నాడు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానును మన ప్రాంతమువారు మఱువజాలరు. వేయిమందికి పైగా మరణించిరి. వేటకు పోయిన జాలరులు అనేకులు తిరిగి రాలేదు. కొబ్బరితోటలు, కరెంటు స్తంభములు, టెలిఫోను తీగలు ఒక్కుమ్మడిగ కూలెను. అట్టివేళ మిగులునది తీగలేని మాటయే. సహాయము కోరువాని బ్యాటరీ నీరసించియుండును, ఏరియలు వంగియుండును. అతని మాట సన్నముగా వచ్చును. మెఱుపుల రొదను మనము ఆపలేము. మన బండి రొదను మాత్రము ఆపగలము. ఆ సన్నని మాట మనకు వినబడుటయు, వినబడకపోవుటయు అప్పుడు ఆ రెండవ రొదమీదనే ఆధారపడియుండును.

కావున మబ్బు లేని దినముననే, ఇంజను ఆపి, స్క్వెల్చి తెఱచి, మీ సెట్టును ఒక గడియసేపు వినుడు. అది చెప్పు తప్పులను ఒక్కొక్కటిగా దిద్దుకొనుడు.