తెర మీద షోకు... తెర వెనుక పొదుపు!

1989లో 'శివ' విడుదలైనప్పుడు కుర్రకారంతా సైకిల్ చైన్ వంక కొత్తగా చూశారు. నాగార్జున చైన్ లాగిన ఆ ఒక్క షాట్‌కి థియేటర్లు ఈలలతో దద్దరిల్లిపోయాయి. మర్నాడు కాలేజీ సైకిల్ స్టాండుల్లో ఎన్ని చైన్ల మీద చేతులు పడ్డాయో ఆ దేవుడికే తెలియాలి! సరే... చైన్ లాగాలనే సరదా అందరికీ కలిగింది. మరి ఊడిపోయిన చైన్‌ని తిరిగి ఎక్కించడం ఎంతమందికి వచ్చు?

నవ్వులాటకి అడగడం లేదు. సినిమా మనకి బోలెడు ఆశలు పుట్టిస్తుంది. హీరో వేసుకున్న చొక్కా కావాలి. హీరోయిన్ గదిలో వెలిగిన దీపం కావాలి. ఇద్దరూ ఊగిన ఉయ్యాల కావాలి. కానీ ఆ ఆశలు పుట్టించే చోటుకి, అంటే తెర వెనక్కి వెళ్ళి చూశారా? అక్కడ కనపడేది పాత చెక్క, అట్టముక్క, గోనెగుడ్డ, గుప్పెడు మేకులు, ఒక సుత్తి!

నా గది - ఒక ఫ్లాప్ సినిమా

మనలో మాట, నేనూ ఆ తానులో ముక్కనే. 2022లో హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే ఓ అద్దె గది తీసుకున్నాను. అప్పుడే చూసిన ఒక సినిమాలో హీరోగారి గది కళ్ళల్లో మెదులుతోంది. ఇంకేముంది? గోడలకి రంగులు మారే లైట్ల పట్టీలు, మూలన బీన్‌బ్యాగ్, పక్కన గాజుబల్ల... అన్నీ పన్నెండు నెలల వాయిదాల మీద వచ్చి పడ్డాయి. స్నేహితులు వచ్చి ఫోటోలు దిగారు. "అదిరిందిరా!" అన్నారు. నేను పొంగిపోయాను.

మూడో నెలలో తెనాలి నుంచి నాన్న వచ్చాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. డాక్టరుకి చూపించుకోవాలని వచ్చిన మనిషి బీన్‌బ్యాగ్ వంక అనుమానంగా చూసి, "దీంట్లో ఎట్టా కూర్చోవాల్రా?" అన్నాడు. కూర్చున్నాక లేవలేకపోయాడు. రెండు చేతులూ పట్టుకుని నేనే లేపాను. ఆ రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లారి లేవడానికి గోడ పట్టుకుని ఎంత అవస్థ పడ్డాడో, నిద్ర నటిస్తూ చూశాను.

ఆయన ఒక్క మాట కూడా అనలేదు. డాక్టరు పది రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. బస్సెక్కేముందు నాన్న, "గది బాగుందిరా. కూర్చోడానికి మాత్రం ఏదన్నా కొనుక్కో" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు రమ్మన్నా "పొలం పనులున్నాయిరా" అని దాటేశాడు. వాయిదాలు కట్టగా ఇంటికి డబ్బు పంపడానికి కూడా మిగలని రోజులవి. గది నిండా సామానుంది. కన్నతండ్రికి మాత్రం చోటు లేదు!

కృష్ణానగర్ మేస్త్రి చెప్పిన మాట

సినిమా వార్తల కోసం తిరిగేవాళ్ళకి కృష్ణానగర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సినీ కార్మికులు ఎక్కువగా ఉండే పేట అది. అక్కడ పరిచయమైన ఓ సెట్ మేస్త్రి ఒకరోజు నన్ను షూటింగుకి తీసుకెళ్ళాడు. జమీందారు హాలు వేశారు. ఆకాశాన్నంటే స్తంభాలు, పాలరాతి మెట్లు! ఒక స్తంభం మీద వేలితో కొట్టి చూశాను. డొల్ల! పైన ప్లాస్టర్, లోపల ఖాళీ.

వెనక్కి వెళితే అసలు తమాషా అక్కడుంది. గోడకి ఊతంగా నిలబెట్టిన చెక్కల మీద పొరలు పొరలుగా పాత రంగులు. మేస్త్రి ఒక పలక మీద చెయ్యి వేసి, "ఇది పోయిన సినిమాలో పోలీస్ స్టేషను. అంతకుముందు గుడి. ఇప్పుడు జమీందారు గోడ. రేపు ఏమవుతుందో దీనికే తెలీదు!" అని నవ్వాడు. పాత మేకులు పీకి, సుత్తితో తిన్నగా సాగగొట్టి డబ్బాలో వేస్తున్నాడు ఓ కుర్రాడు.

నా గది సంగతి, నాన్న సంగతి మేస్త్రికి చెప్పాను. ఆయన కాసేపాగి అన్నాడు: "సెట్టుకి ముందువైపు చాలు బాబూ. కెమెరా వెనక్కి పోదు కదా! ఇంటికి అట్లా కాదు. నువ్వు సెట్టు వేసుకుని అందులో కాపురం పెట్టావు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. షూటింగ్ అయిపోగానే సెట్ పీకేస్తారు. ఫ్యాషన్ కూడా అంతే. నెలలు తిరక్కుండా దాన్ని పీకి ఇంకొకటి వేస్తారు. మనం మాత్రం పీకేసిన సెట్టుకి వాయిదాలు కడుతూ కూర్చుంటాం!

ఫాల్కే ఇంట్లో బఠాణీ మొక్క

ఉన్నదాంతో సృష్టించడం మన సినిమాకి పుట్టుకతో వచ్చిన విద్య. దాదాసాహెబ్ ఫాల్కే 1912లో లండన్ వెళ్ళి కెమెరా కొనుక్కొచ్చాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళకి నమ్మకం కలిగించాలి కదా! ఏం చేశాడు? ఇంట్లో కుండీలో బఠాణీ గింజ నాటి, అది మొలకెత్తి ఎదిగేదాకా కొంచెం కొంచెంగా ఫిలిం తీసి చూపించాడు. భార్య సరస్వతీబాయి ఫిలిం అంచులకి చిల్లులు వేసే పని నేర్చుకుంది. యూనిట్‌కి వంట కూడా ఆవిడే వండిపెట్టింది. 1913లో విడుదలైన 'రాజా హరిశ్చంద్ర' అలా ఇంటిపనిలోంచి పుట్టిన సినిమా.

మన 'మాయాబజార్' (1957) సంగతి చూడండి. ద్వారకానగరాన్ని చూసి నోరెళ్ళబెట్టనివాళ్ళున్నారా? కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల ఆధ్వర్యంలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు జాగాలో సుమారు 300 అట్ట ఇళ్ళు పేర్చి, వాటికి దీపాలు పెట్టి ఆ నగరాన్ని సృష్టించారు. అట్టముక్క అదే. చెయ్యి తిరిగినవాడి దగ్గర అది ద్వారక అవుతుంది, మన దగ్గర చెత్తబుట్టలో పడుతుంది!

ఇక 2019లో వచ్చిన 'మల్లేశం' చూసినవాళ్ళకి చింతకింది మల్లేశం గారి కథ తెలిసే ఉంటుంది. ఆలేరు దగ్గరి చేనేత కుటుంబం. ఒక్క చీరకి ఆసు పొయ్యాలంటే తల్లి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఆమె భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువు లేకపోయినా, ఏళ్ళ తరబడి పాట్లుపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మొదలుపెట్టింది బిరుదు కోసం కాదు, అమ్మ భుజం కోసం. నా ముందున్నది నాన్న మోకాళ్ళు!

మొదటి పని: నవారు మంచం

"మంచం చేసిపెట్టను. నేర్పిస్తాను" అన్నాడు మేస్త్రి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో నవారు తెగిపోయిన పాత టేకు మంచం దొరికింది. కోళ్ళూ పట్టెలూ గట్టిగానే ఉన్నాయి. ఒకదాని కీలు మాత్రం కదులుతోంది. అందులో సన్నటి చెక్కచీల దిగ్గొట్టాం. ఉప్పుకాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించాం. (మనలో ఒక హెచ్చరిక: అవిసె నూనె పీల్చిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి. దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరబెట్టాలి.)

తర్వాత నవారు. ముందు పొడుగు వైపు వరుసగా చుట్టాలి. ఆ పైన అడ్డంగా, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి అల్లుకుంటూ పోవాలి. ప్రతి వరుసా బిగలాగాలి. వినడానికి సులువే! మొదటిసారి నేను అల్లింది ఉయ్యాలలా జారింది. మొత్తం విప్పి మళ్ళీ అల్లాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడోసారికి మంచం మంచమైంది!

ఇంకో మూడు పనులు

చెయ్యి అలవాటు పడ్డాక ఊరుకుంటుందా? అమ్మ పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, చుట్టూ మధ్యలో పెద్ద కుట్లు వేస్తే బొంత తయారైంది. కొత్త దుప్పటికి ఆ మెత్తదనం రమ్మన్నా రాదు.

ఇంటివాళ్ళు ఒప్పుకుంటే గోడకి సున్నం మీరే వేసుకోవచ్చు. నానబెట్టిన సున్నాన్ని వడకట్టి, కాసిని గంజినీళ్ళో తుమ్మజిగురో కలిపి, చిటికెడు నీలిమందు వెయ్యండి. గోడ తడిపి పల్చగా రెండు మూడు పూతలు పుయ్యాలి. అయితే ప్లాస్టిక్ పెయింటు వేసిన గోడకి సున్నం సరిగా పట్టదు. రాతిసున్నంలో నీళ్ళు పోస్తే సలసల కాగుతుంది. కాబట్టి తాపీగా, కళ్ళు జాగ్రత్త!

ఎండాకాలంలో కూరగాయలకి రెండు కుండల పద్ధతి ఉంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి తడిపి, పైన తడిగుడ్డ కప్పాలి. కుండకి లోపలా బయటా రంగు ఉండకూడదు. ఇసుకలోని నీరు ఆవిరయ్యేకొద్దీ లోపల చల్లబడుతుంది. టమాటాలు, ఆకుకూరలు త్వరగా వాడిపోవు. కర్నూలు, నిజామాబాద్ లాంటి పొడిగాలి ఊళ్ళలో ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో మాత్రం అంత ఫలితం ఉండదు. పాలు, మాంసం దీన్ని నమ్మి పెట్టకండి.

హీరోయిజం అక్కర్లేదు

అన్నీ మనమే చేసుకోవాలనే పంతం కూడా మంచిది కాదు. కరెంటు వైరింగు, గ్యాసు పొయ్యి గొట్టాలు... వీటి జోలికి వెళ్ళొద్దు. పని తెలిసినవాణ్ణి పిలవండి. పిలిచాక కూలి దగ్గర గీచి గీచి బేరమాడకండి. ఒక్క మంచం అల్లేసరికి నాకు ఆ చేతుల విలువ తెలిసొచ్చింది. పొదుపు వేరు, పిసినారితనం వేరు. ఉన్నదాన్ని పారెయ్యకపోవడం పొదుపు. ఇవ్వవలసినది ఎగ్గొట్టడం పిసినారితనం.

అలాగే ఫ్యాషన్ అంటే ముఖం చిట్లించుకోమని కూడా నేననను. 1970లలో వాణిశ్రీ గారి కొప్పు, చీరకట్టు చూసి ఎంతమంది అమ్మాయిలు అద్దం ముందు గంటలు గడిపారో! అదొక సరదా. అబ్బాయిలు బెల్‌బాటమ్‌లతో వీధులు ఊడ్చారు. కొన్నాళ్ళకి అవి పెట్టె అడుగుకి పోయాయి. మళ్ళీ ఆ వెడల్పు కాళ్ళ పాంట్లే కొత్త పేర్లతో దుకాణాల్లోకి వచ్చాయి. దాచుకున్నవాడు నవ్వుకున్నాడు, పారేసినవాడు మళ్ళీ కొన్నాడు! ముచ్చటపడి కొనుక్కోవడంలో తప్పులేదు. కొనేముందు ఒక్క ప్రశ్న: ఇది నా కోసమా, చూసేవాళ్ళ కోసమా?

క్లైమాక్స్

మంచం ఫోటో తీసి నాన్నకి పంపాను. జవాబు రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడు. చేతిలో సంచీతో నాన్న!

లోపలికి వచ్చి మంచం వంక చూశాడు. వెంటనే కూర్చోలేదు. వంగి, పట్టె కిందకి చెయ్యి పోనిచ్చి, అల్లిక వెనకవైపు తడిమి చూశాడు. కెమెరా వెళ్ళని వైపు! నా గుండె ఫస్ట్ షో రిజల్టు కోసం ఎదురుచూసే నిర్మాత గుండెలా కొట్టుకుంది. తర్వాత మెల్లిగా కూర్చున్నాడు. పట్టె మీద చెయ్యి ఆనించి, ఎవరి సాయం లేకుండా లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"కాళ్ళవైపు కాస్త వదులుగా ఉందిరా. రేపు ఇద్దరం కలిసి బిగిద్దాం" అన్నాడు.

రేపు అన్నాడు! అంటే ఉంటున్నాడన్నమాట. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికీ వెళ్ళాం.

పాఠక మిత్రులారా! ఈ ఆదివారం మ్యాటినీకి వెళ్ళండి, ఈలలు వెయ్యండి, మీ హీరోకి జేజేలు కొట్టండి. ఇంటికొచ్చాక మాత్రం మీ ఇంట్లో వదులైపోయిన నవారు ఏదో, ఊడిన గుండీ ఏదో, కదిలే కుర్చీకాలు ఏదో ఒకసారి చూడండి. సుత్తి ఎక్కడుందో అమ్మనడిగితే చెబుతుంది.