డిస్కు చెరిపినప్పుడు ఫైళ్లు ఏమవుతవి?

ఇండ్లలో వాడే పాత కంప్యూటర్లకు 2025 అక్టోబరు 14 ఒక మలుపు. ఆనాటితో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు మారాలంటే టి.పి.యం. 2.0 అనే భద్రతా సాధనము, కొత్త తరపు ప్రాసెసరు ఉండాలి. పాత యంత్రాలు అనేకం ఈ పరీక్షలో నెగ్గవు. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పారవేయడం ఇష్టం లేనివారికి లినక్సు ఒక మంచి మార్గం.

లినక్సుకు మూలమైన ప్రోగ్రామును 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రచించి, అందరికీ అందుబాటులో ఉంచాడు. దానిని ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చు, మార్చుకొనవచ్చు. తెలుగులో కనిపించే లినక్సును స్వేచ్ఛ సంస్థ రూపొందించింది. అయితే ఈ మార్పిడిలో ఒక ప్రమాదం పొంచి ఉన్నది.

జగ్గయ్యపేటలో ఒక ఇంటిని ఊహించుకుందాము. కంప్యూటరులో ‘సి’, ‘డి’ అని రెండు భాగాలు. ‘సి’లో విండోస్ ఉన్నది. ‘డి’లో పెండ్లి ఫోటోలు, పొలం దస్తావేజుల నకళ్లు, గతించిన తాతగారి కంఠధ్వని ఉన్నవి. లినక్సును ఎక్కించేటప్పుడు “డిస్కు అంతా చెరిపి ఇన్‌స్టాల్ చేయి” అనే మాట తెరపై కనిపిస్తుంది. పోయేది ‘సి’ ఒక్కటే గదా, ‘డి’కి ఏమీ కాదని ఇంటివారు సమ్మతిస్తారు. కొంతసేపటికి కొత్త తెర ప్రత్యక్షమవుతుంది. ‘డి’ మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇందులో యంత్రం చేసిన తప్పు లేదు. మెట్ట ప్రాంతపు రైతుకు ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. పదెకరాల చేనులో గట్టు వేసి, ఒకవైపు పత్తి, రెండోవైపు మిరప వేసినా, నేల ఒక్కటే. అదేవిధంగా ‘సి’, ‘డి’ అనేవి సాధారణంగా ఒకే డిస్కుపై వేసిన గట్లు. చేనంతా చదును చేయమంటే ట్రాక్టరు పత్తి వద్ద ఆగదు. పైగా లినక్సులో ‘సి’, ‘డి’ అనే పేర్లే ఉండవు. మొత్తం డిస్కును ‘ఎస్.డి.ఎ.’ అనీ, అందులోని భాగాలను ‘ఎస్.డి.ఎ.1’, ‘ఎస్.డి.ఎ.2’ అనీ పిలవడం పరిపాటి. తెలిసిన పేర్లు కనిపించకపోవడం వల్లనే పొరపాటుకు ఎక్కువ అవకాశం ఉన్నది.

మరి ఆ ఫైళ్లు ఏమైనవి? వెయ్యి జీబీల డిస్కులో 512 బైట్ల గదులు సుమారు 195 కోట్లు ఉంటవి. గట్లు ఎక్కడ ఉన్నవో చెప్పే పట్టిక పాత పద్ధతిలో మొదటి గదిలో ఉంటుంది. దాని పరిమాణం 64 బైట్లు మాత్రమే. కొత్త పద్ధతిలో డిస్కు మొదట ఒక పట్టిక, చివర దాని నకలు ఉంటవి. ఇవి సర్వే పటము వంటివి. ఏ ఫైలు ఏయే గదులలో ఉన్నదో తెలిపే జాబితా వేరుగా ఉంటుంది. అది అడంగలు వంటిది. డిస్కును చెరపడమంటే ముఖ్యంగా పాత పటము, పాత అడంగలు తీసివేసి కొత్తవి వ్రాయడమే. పంట ఇంకా చేలోనే ఉంటుంది. దానిపై కొత్త దుక్కి పడినప్పుడే నిజమైన నష్టం. లినక్సు ఎక్కడానికి ఇరవై జీబీలు పట్టినదనుకుంటే, వెయ్యి జీబీల డిస్కులో అది నూటికి రెండు పాళ్లు.

కాబట్టి ఫైళ్లు కనిపించలేదని తెలిసిన క్షణమే యంత్రాన్ని ఆపివేయవలెను. వెతుకుదామని ఇంకా వాడినకొద్దీ కొత్త వ్రాత పాతదానిపై పడుతుంది. టెస్టుడిస్కు అనే ఉచిత ప్రోగ్రాము చెరిగిన గట్ల ఆనవాళ్లను వెతుకుతుంది. దానికి తోడుగా ఉన్న ఫోటోరెక్ జాబితాతో నిమిత్తం లేకుండా గదులనే చదువుతుంది. జె.పి.జి. ఫోటో ప్రతిదీ 255, 216, 255 అనే మూడు బైట్లతో మొదలవుతుంది. ఆ గుర్తును బట్టి ఫోటోను పట్టుకుంటుంది. అయితే ఫైళ్ల అసలు పేర్లు సాధారణంగా తిరిగి రావు. రక్షించిన ఫైళ్లను అదే డిస్కుపై కాక, వేరొక డిస్కుపై వ్రాయవలెను.

ఈ ఆశ తిరిగే పళ్లెములున్న హార్డు డిస్కులకే ఎక్కువగా వర్తిస్తుంది. కొత్త ఎస్.ఎస్.డి.లలో ‘ట్రిమ్’ అనే ఏర్పాటు ఉన్నది. ఫలానా గదులు ఇక అక్కరలేదని కంప్యూటరు డిస్కుకు చెపుతుంది. డిస్కు వాటిని తానే ఖాళీ చేసుకుంటుంది. లినక్సు కొత్త భాగాన్ని సిద్ధం చేసేటప్పుడే సాధారణంగా ఈ కబురు పంపుతుంది. అప్పుడు వెతికినా దొరికేది దాదాపు శూన్యం.

అందువల్ల ముందు జాగ్రత్తే మందు. లినక్సును పెన్‌డ్రైవు నుండి, డిస్కును తాకకుండానే నడిపి చూడవచ్చు. అట్లా నడిపినప్పుడు ప్రింటరు, వైఫై పనిచేస్తున్నవో లేదో తెలుస్తుంది. విండోస్ తన డిస్కును గూఢలిపిలో ఉంచితే దాని రికవరీ తాళపు సంఖ్యను ముందే వ్రాసి పెట్టుకొనవలెను. తర్వాత విలువైన ఫైళ్లన్నిటినీ బయటి డిస్కులోకి నకలు చేయవలెను. నకలు తీస్తే చాలదు. ఆ డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి, కొన్ని ఫైళ్లను తెరచి చూడవలెను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ బయటి డిస్కును ఊడదీసి పక్కన పెట్టవలెను. తగిలించి ఉంచితే పొరపాటున దానినే చెరిపే ప్రమాదం ఉన్నది.

రెండవ నకలు వేరొక ఊరిలో ఉంటే మరీ మంచిది. 2023 జూలైలో మున్నేరు పొంగి, నందిగామ దగ్గరి ఐతవరం వద్ద జాతీయ రహదారిపైకి నీరు వచ్చి రాకపోకలు నిలిచినవి. వరద నీరు ఇంట్లోకి వస్తే కంప్యూటరు, దాని పక్కనున్న నకలు రెండూ ఒకేసారి తడుస్తవి. జగ్గయ్యపేట ఇంటి ఫోటోల నకలు నందిగామలోని మేనమామ ఇంటి బీరువాలో ఉంటే ఆ భయం చాలావరకు తీరుతుంది.

లినక్సును ఎన్నిసార్లయినా తిరిగి ఎక్కించుకొనవచ్చు. తాతగారి కంఠధ్వనికి మాత్రం ఇంట్లో దాచుకున్న ప్రతి తప్ప వేరొకటి లేదు.