జ్వరం ఇంజిన్‌కా... థర్మామీటరుకా?

పొద్దున్నే కారు ఓ పట్టాన స్టార్టవ్వదు. అయ్యాక నల్లటి పొగ. మైలేజీ నానాటికీ తీసికట్టు. ప్లగ్గులు మార్చినా, ఫిల్టర్లు మార్చినా అదే తంతు. తప్పు ఇంజిన్‌ది కాకపోవచ్చు... బొటనవేలంత పరికరం చెబుతున్న అబద్ధం కావచ్చు!

ఘట్‌కేసర్‌ నుంచి ఉప్పల్‌ వైపు కారులో బయల్దేరితే అన్నోజిగూడ, నారపల్లి దాటేదాకా ఎదురుగాలి రేడియేటర్‌కి తగులుతూనే ఉంటుంది. అసలు పరీక్ష ఉప్పల్‌ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాకే. బండి కదలదు, గాలి ఆడదు. ఇక రేడియేటర్‌ ఫ్యానే దిక్కు. చాలా కార్లలో అదెప్పుడు తిరగాలో ఇంజిన్‌ కంప్యూటరే చెబుతుంది. దానికి ‘కూలెంట్‌ కాగింది’ అని కబురు పంపేదే కూలెంట్‌ టెంపరేచర్‌ సెన్సర్‌. అది ‘ఇంకా చల్లగానే ఉంది’ అందనుకోండి... ఫ్యాను తిరగదు. కూలెంట్‌ మరిగిపోతుంది. హెడ్‌ గ్యాస్కెట్‌ పోతుంది, సిలిండర్‌ హెడ్డే వంగిపోవచ్చు. చిన్న సెన్సర్‌తో పోయేది వేల రూపాయల బిల్లుగా మారుతుంది.

ఫారడే చూసిన వింత

మామూలు లోహాలు వేడెక్కితే విద్యుత్తుకు అడ్డు పెరుగుతుంది. సిల్వర్‌ సల్ఫైడ్‌లో మాత్రం తగ్గుతోందని 1833లోనే గమనించాడు మైకేల్‌ ఫారడే. సెన్సర్‌లోని థర్మిస్టర్‌దీ అదే గుణం. చాలా రకాల్లో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓములుండే నిరోధం, 80 డిగ్రీలకు మూడొందల చిల్లరకు దిగుతుంది. దాన్నిబట్టే కంప్యూటర్‌ ఎంత వేడి ఉందో లెక్కగట్టి, చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. సెన్సర్‌ ఎప్పుడూ ‘చలి’ అంటుంటే పెట్రోలు వృథా, నల్లపొగ. పొద్దున్నే ‘వేడి’ అంటే పెట్రోలు చాలక స్టార్టింగ్‌ ట్రబులు.

పట్టుకోవడం ఎలా?

* ముందు కూలెంట్‌ మట్టం చూడాలి. అది తగ్గి సెన్సర్‌ గాలిలో ఉంటే మంచి సెన్సరూ తప్పే చెబుతుంది. కప్లర్‌ పిన్నులకు పచ్చటి చిలుము పట్టినా అంతే.

* రాత్రంతా ఆగిన కారుకి పొద్దున్నే, స్టార్ట్‌ చేయకముందే స్కానర్‌ పెట్టించాలి. కూలెంట్‌ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు ఒకేలా ఉండాలి. మే నెలలో మైనస్‌ 40 చూపిస్తే? వైరు తెగిందనో, కప్లర్‌ ఊడిందనో, సెన్సర్‌ పోయిందనో అర్థం. స్కానర్‌లో పి0118 కోడ్‌ చెప్పేదీ ఇలాంటి సంగతే. పి0117 అయితే షార్ట్‌ అయి ఉండొచ్చు.

* సెన్సర్‌ని విప్పి వేణ్నీళ్లలో ముంచి మల్టీమీటర్‌తో కొలవచ్చు. వేడి పెరిగేకొద్దీ ఓములు నిదానంగా తగ్గాలి. కదలకపోయినా, గెంతులేసినా మార్చాల్సిందే. ఏ వేడికి ఎన్ని ఓములో ఆ మోడల్‌ మాన్యువల్‌లో ఉంటుంది.

తొందరపడొద్దు

వేడి సాఫీగా పెరిగి, హైవేమీద 60 దగ్గరే ఆగిపోతోందా? అనుమానించాల్సింది సెన్సర్‌ని కాదు, తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాట్‌ వాల్వ్‌ని. డాష్‌బోర్డు ముల్లు బాగుంది కదా అని నిశ్చింతగానూ ఉండొద్దు. కొన్ని పాత కార్లలో ముల్లుకు ఒకటి, కంప్యూటర్‌కి ఒకటి, వేర్వేరు సెన్సర్లుంటాయి.

నాచారంలోనో ఉప్పల్‌లోనో షెడ్డుకు వెళ్లినప్పుడు ‘సెన్సర్‌ మార్చండి’ అనేకన్నా ‘కొలిచి చూడండి’ అనడం మేలు. దారిలో ఆవిరి కక్కితే మాత్రం బండి పక్కకు తీసి, ఇంజిన్‌ ఆపేయాలి. పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్‌ మూత తీయొద్దు. ఎగజిమ్మే కూలెంట్‌ ముఖాన్నీ చేతుల్నీ కాల్చేస్తుంది. ఆ అరగంట ఓపిక పడితే ఇంజినూ దక్కుతుంది, ఒళ్లూ దక్కుతుంది!