‘సెల్’ అంటే ఏ సెల్?

జీవశాస్త్రం పీరియడులో మాస్టారు ‘సెల్’ అనగానే శరీరంలోని జీవకణం గుర్తుకు వస్తుంది. తరువాతి పీరియడు భౌతికశాస్త్రమైతే అదే మాటకు టార్చిలైటులో వేసే సెల్లు అని అర్థం. సాయంత్రం ఇంటికి వెళితే నాన్నగారి జేబులో మోగేదీ సెల్లే! జైలులో ఖైదీని ఉంచే గదీ సెల్లే. ఇంగ్లీషులో నాలుగే అక్షరాల మాట. ఒకదానితో ఒకటి పొంతన లేని ఇన్నింటికి ఒకే పేరు ఎలా వచ్చింది?

వీటిలో అసలు అర్థానికి దగ్గరగా ఉన్నది ఖైదీ గదే. లాటిన్ భాషలో ‘సెల్లా’ అంటే చిన్న గది, కొట్టు. మేడల కింద వాహనాలు నిలిపే ‘సెల్లార్’ ఈ మాటకు చుట్టమే. క్రైస్తవ మఠాలలో సన్యాసి ఒంటరిగా ఉండే గదినీ, తేనెపట్టులోని అరనూ ఇంగ్లీషువారు సెల్ అనే అంటారు.

ఈ మాటను జీవశాస్త్రంలోకి తెచ్చినవాడు రాబర్ట్ హుక్. స్ప్రింగుల పాఠంలో వచ్చే హుక్ నియమం ఈయనదే. సీసా బిరడాలు చేసే బెండును పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. తేనెపట్టులో లాగా గోడలు, వాటి మధ్య ఖాళీలు కనిపించాయి. 1665లో అచ్చయిన ‘మైక్రోగ్రాఫియా’ గ్రంథంలో వాటిని సెల్స్ అన్నాడు. అంతటితో ఊరుకోక లెక్క కూడా కట్టాడు. అంగుళంలో 18వ వంతు పొడవున సుమారు 60 గదులున్నాయి. అంటే అంగుళానికి 1,080. మరి ఒక ఘనపు అంగుళంలో? 1,080 × 1,080 × 1,080 ఎంతో మీరే వేసి చూడండి. 125 కోట్ల 97 లక్షల 12 వేలు వస్తుంది!

ఇక్కడే ఒక తమాషా ఉంది. బెండు చనిపోయిన కణజాలం. అందులో మిగిలినవి గోడలే, లోపల ఉన్నది గాలి. పచ్చి మొక్కల గదులలో రసం ఉండడం హుక్ గమనించాడు గాని, ప్రాణానికి ఆధారం అక్కడే ఉందని అప్పటికి తెలియదు. 1831లో రాబర్ట్ బ్రౌన్ మొక్కల కణాలలోని కేంద్రకానికి ఆ పేరు పెట్టాడు. 1838, 1839 సంవత్సరాలలో ష్లైడన్, ష్వాన్‌లు మొక్కలూ జంతువులూ కణాలతోనే నిర్మితమని చెప్పారు. జంతుకణానికైతే కణకవచమే లేదు, పలుచని పొర మాత్రం ఉంటుంది. గోడలు లేనిదానికి గది అని పేరు! అయినా పేరు మారలేదు.

తెలుగులో మనవాళ్ళు వేరే దారి పట్టి ‘కణం’ అన్నారు. చక్కని మాటే గాని చిక్కు తెచ్చిపెట్టింది. ఎలక్ట్రానూ కణమే, రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే ఆల్ఫా కణమూ కణమే. ఒక జీవకణంలో లక్షల కోట్ల పరమాణువులుంటాయి. కనుక పరీక్షలో ‘జీవకణం’ అని పూర్తిగా రాయడమే మేలని నా అభిప్రాయం. పైగా జీవకణం నలుసంతే ఉండాలని లేదు. అంగడిలో కొనే ఫారం కోడిగుడ్డులోని పచ్చసొన అంతా ఒకే కణం!

విద్యుత్తు సెల్‌ను ‘ఘటం’ అన్నారు. ఘటమంటే కుండ. డేనియల్ ఘటం బొమ్మలో మైలుతుత్తం ద్రావణమున్న పాత్రనూ, దాని మధ్యనున్న మట్టి కుండనూ చూస్తే పేరు ఎంత బాగా అతికిందో తెలుస్తుంది. కారు బ్యాటరీకి మాత్రం ఇంగ్లీషు మాటే నయం. ఒకే పెట్టెలో అడ్డుగోడలతో 6 గదులు, గదికి సుమారు 2 వోల్టులు, మొత్తం 12. ఇలా కొన్ని సెల్లులు కలిస్తేనే బ్యాటరీ. ఒక్క టార్చి సెల్లును బ్యాటరీ అనడం వాడుకలో ఉన్నా, శాస్త్రం ప్రకారం సరికాదు. ఇక సౌర ఘటంలో కుండా లేదు, ద్రావణమూ లేదు!

సెల్ ఫోన్‌కు లోపలి బ్యాటరీని బట్టి ఆ పేరు వచ్చిందని కొందరు అనుకుంటారు. కానే కాదు. వాడుకోదగ్గ రేడియో పౌనఃపున్యాలు కొన్నే. ఊరంతటికీ ఒకే పెద్ద టవరు పెడితే ఏకకాలంలో కొద్దిమందే మాట్లాడగలరు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజనీర్లు ఒక ఉపాయం సూచించారు. ఊరిని చిన్న చిన్న ప్రాంతాలుగా విడగొట్టాలి. ఒకచోట వాడిన పౌనఃపున్యాన్నే కొంత దూరాన మరో ప్రాంతంలో మళ్ళీ వాడాలి. కాగితం మీద ఆ ప్రాంతాలను షడ్భుజాలుగా గీశారు. అచ్చం తేనెపట్టే! ఒక్కొక్క అర ఒక సెల్. మీరు బస్సులో మాట్లాడుతూ పోతుంటే, మీ మాటలను ఒక అరలోని టవరు పక్క అరలోని టవరుకు అప్పగిస్తుంది.

హుక్ చూసినదాన్ని మీరూ చూడవచ్చు. ఉల్లిపాయ రేకు లోపలివైపు పలుచని పొర తీసి, నీటిచుక్కలో పరచి, బడిలోని సూక్ష్మదర్శిని కింద పెట్టండి. ఇటుకలు పేర్చినట్టు గదులు కనిపిస్తాయి. తరువాత ఒక చుక్క అయొడిన్ ద్రావణం వేయండి. గదిలో ఒక పక్కగా గోధుమరంగు మచ్చ తేలుతుంది. అది కేంద్రకం. హుక్ కోసిన బెండులో లేనిది అదే.