కరిగిస్తే తులం వెండి... చదివితే చరిత్ర!

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ధర్మవరంలో పట్టుచీరల కొట్లు కిటకిటలాడతాయి. నగల దుకాణాల్లోనూ అదే సందడి. అమ్మాయికి కొత్త గొలుసు చేయించాలని అవ్వ కాలం నాటి కాసులపేరో, ట్రంకుపెట్టె అడుగున మూటగట్టిన వెండి రూపాయలో తీసుకెళ్లి తూకం వేయిస్తుంటారు. తూకంలో తేలేది లోహం ధరే. నాణెం ధర మాత్రం మూసలో కరిగిపోతుంది!

పెనుకొండ చుట్టుపక్కల వారికి ఈ సంగతి మరీ ముఖ్యం. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర పాలకులు హంపీని వదిలి రాజధానిని ఇక్కడికే మార్చారు. వారి బంగారు నాణెం వరహా. బరువు సుమారు 3.4 గ్రాములు. అందులో పదో వంతు పణం. చూడ్డానికి కందిపప్పు బద్దంత ఉంటుంది. రాజు పేరును నాగరి లిపిలో ముద్రించేవారు. రెండోవైపు బొమ్మ చూస్తే కాలం తెలిసిపోతుంది. బాలకృష్ణుడుంటే శ్రీకృష్ణదేవరాయలది. ఏనుగుల్ని పట్టుకున్న గండభేరుండ పక్షి అయితే అచ్యుతరాయలది. ఆ తర్వాతి వేంకటపతి రాయల వరహాపై సాక్షాత్తూ వేంకటేశ్వరుడే కనిపిస్తాడు.

పంది కాదు... ఏనుగే!

ఇళ్లలో ఎక్కువగా ఉండేవి బ్రిటిష్ కాలం నాటి రూపాయలు. ఒక్కోటి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. పాత వాటిలో దాదాపు 92 శాతం వెండి. 1940 నుంచి దాన్ని సగానికి తగ్గించారు. 1947 నాటి రూపాయిలో వెండే లేదు, అది నికెల్. కాబట్టి అమ్మేముందు సంవత్సరం చూడాల్సిందే. సంవత్సరం ఒక్కటే చూసినా పొరపాటే. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయల్ని ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు అదే తేదీతో ముద్రించారు మరి!

1911 నాటి అయిదో జార్జి రూపాయిది మరో కథ. రాజుగారి దుస్తులపై ఉన్న ఏనుగు బొమ్మ అచ్చం పందిలా ఉందని గొడవైంది. దాంతో ఆ నాణేలను ఆపేసి, 1912లో బొమ్మ సరిచేశారు. వెండి అంతే ఉన్నా, అరుదు కాబట్టి సేకర్తలు దీనికి ఎక్కువ ఇస్తారు.

డాలరుకూ అదే లెక్క

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిన పాత డాలరుకూ ఇదే సూత్రం. 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో ముద్రించిన మోర్గాన్ వెండి డాలరు బరువు 26.73 గ్రాములు. అందులో 90 శాతం వెండి. ఏ ఊరి టంకశాలలో తయారైందో చెప్పే చిన్న అక్షరం వెనకవైపు ఉంటుంది. ఆ ఒక్క అక్షరాన్ని బట్టి ధర ఎన్నో రెట్లు మారొచ్చు.

చింతపండుతో తోమొద్దు!

హిందూపురం అంటే చింతపండు మార్కెట్ గుర్తొస్తుంది. ఇత్తడి బిందెలకు చింతపండు మంచిదే కానీ, నాణేలకు పనికిరాదు. తోమితే పైపొర పోయి గీతలు పడతాయి, విలువ పడిపోతుంది. నాణేన్ని అంచులతో పట్టుకోవాలి. విడివిడిగా కాగితపు కవర్లలో దాచాలి. కొక్కెం అతికించిన కాసుకు సేకర్తల దగ్గర విలువ తక్కువే.

అసలో నకిలీనో తేల్చుకోవడానికి మొదట చూడాల్సింది బరువు, కొలత, అంచు గీతలు. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండీ కాదు, బంగారమూ కాదు. అంటుకోనంత మాత్రాన అసలుదనీ కాదు. పునాదులు తవ్వితే దొరికాయంటూ ఎవరైనా బంగారు నాణేలు చవగ్గా అమ్మజూపితే దూరంగా ఉండటమే మేలు. మొదట చూపించేది అసలుది, చివరికి చేతిలో పెట్టేది పూతది... ఇదే ఆ మోసం తీరు.

నిజంగానే భూమిలో పాత నాణేలు దొరికితే? 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి హక్కుదారులకు చెల్లించాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. వందేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధించింది.

ఈసారి అవ్వ పెట్టె తెరిచినప్పుడు త్రాసు కంటే ముందు భూతద్దం తీయండి. కరిగిన వెండితో ఎన్ని నగలైనా చేయించుకోవచ్చు. కరిగిన నాణేన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.