బంగారం అచ్చులోకి ఎందుకు దిగదు?

ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో 1333 నాటి చిత్రం ఒకటి ఉంది. సిమోనే మార్తీని, లిప్పో మెమ్మి కలిసి వేశారు. దేవదూత మోకరిల్లి మరియమ్మకు శుభవార్త చెబుతున్న ఘట్టం. వాళ్ల వెనక ఆకాశం లేదు, ఊరు లేదు, అంతా బంగారమే. దీని ఫొటో ఫోన్‌లోకి క్షణంలో వస్తుంది. గోడంత ప్రింటు వేయించుకోవడమూ కష్టం కాదు. అయినా ఇలాంటి చిత్రాలను చెక్క మీద చేత్తో మళ్లీ వేసేవాళ్లు ఇటలీలో ఇప్పటికీ ఉన్నారు. వేయించుకునేవాళ్లూ ఉన్నారు.

ప్రింటు ఉండగా చేత్తో ఎందుకు?

బంగారు రేకుకు ఒకే రంగు నిలవదు కాబట్టి. మెరుగుపెట్టిన రేకు ఒక పక్క నుంచి చూస్తే ధగధగలాడుతుంది, రెండడుగులు జరిగితే ముదురు గోధుమరంగులోకి తిరుగుతుంది. కొవ్వొత్తి వెలుగులో చూడటానికి వేసిన చిత్రాలివి. మంట కదిలితే బంగారమూ కదులుతుంది. తలల చుట్టూ ఉన్న ప్రభామండలాల్లో చిన్న ముద్రలతో గుచ్చిన చుక్కలుంటాయి, ఒక్కో చుక్కా వెలుగును ఒక్కో వైపుకు తిప్పుతుంది. దేవదూత మాటలైతే ఆ బంగారం మీద ఉబ్బెత్తు అక్షరాలుగా మరియమ్మ వైపు సాగుతాయి. కెమెరా వీటన్నిటిలో ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది. ప్రింటు దాన్ని పసుపు సిరాగా మార్చేస్తుంది.

మరి చేత్తో ఎలా వేస్తారు?

దారి చూపే పుస్తకం ఒకటుంది. చిత్రకారుడు జొత్తో దగ్గర తద్దేవో గద్ది, ఆయన దగ్గర కొడుకు ఆన్యోలో, ఆన్యోలో దగ్గర చెన్నీనో చెన్నీని పని నేర్చుకున్నారు. ఈ చెన్నీని సుమారు 1400 ప్రాంతంలో తన వృత్తి రహస్యాలన్నీ ఆ పుస్తకంలో రాసిపెట్టాడు. 1899లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన క్రిస్టియానా హెరింగమ్ స్వయంగా చిత్రకారిణి. ఆ పద్ధతిలో బొమ్మలు వేసి సరిచూసుకున్నారు. తర్వాత అజంతాకు వచ్చి అక్కడి గోడచిత్రాలకు నకళ్లు తీసిందీ ఆమే. అప్పట్లో అజంతా నిజాం రాజ్యంలోది. ఆమెకు సాయపడిన వాళ్లలో నందలాల్ బోస్‌తో పాటు హైదరాబాద్ నుంచి వెళ్లిన సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ కూడా ఉన్నారు.

చెన్నీని ప్రకారం రంగు చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు పోప్లార్ చెక్క. దానికి చర్మపు ముక్కలు ఉడికించి తీసిన జిగురు పూసి, పైన పాత నారగుడ్డ అంటిస్తారు. ఆ మీద జిప్సం పూతలు, మొదట ముతకది, తర్వాత మెత్తనిది. మెత్తని జిప్సంను నెల రోజుల పాటు నీళ్లలో ఉంచి రోజూ కలియబెట్టమంటాడు. ఎందుకంటే కాల్చిన జిప్సం కొద్ది నీళ్లు తగిలితే రాయిలా బిగుసుకుంటుంది. ఎక్కువ నీళ్లలో నానితే ఆ గుణం చచ్చి వెన్నలా అవుతుంది. దాన్ని జిగురుతో కలిపి కనీసం ఎనిమిది పూతలు వేసి, దంతంలా నునుపయ్యే దాకా గీకుతారు. ఇంత చాదస్తం దేనికంటే, బంగారు రేకు ఎంత పల్చనంటే కింద ఇసుక రేణువున్నా పైకి తెలిసిపోతుంది.

రేకు కింద తెల్లసొనతో నూరిన ఎర్రమట్టి పూస్తారు. మట్టి మెత్తన కాబట్టి మెరుగుపెట్టేటప్పుడు కాస్త లొంగుతుంది, పైగా దాని ఎరుపు బంగారానికి వెచ్చదనం ఇస్తుంది. పాత చిత్రాల్లో రేకు అరిగినచోట ఆ ఎరుపే తొంగిచూస్తుంది. మెరుగుపెట్టడానికి కుక్కపన్ను కూడా పనికొస్తుందంటాడు చెన్నీని. ఇప్పుడు అగేట్ రాయి వాడుతున్నారు.

రంగుల వంతు ఆ తర్వాతే. ముందే రంగు వేస్తే రేకు దానికీ అంటుకుంటుంది. రంగుపొడిని పచ్చసొనతో కలుపుతారు. గుడ్డు తిన్న కంచం కడగకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది: నిమిషాల్లో ఆరి, పట్టుకుంటే వదలదు. అందుకే తైలవర్ణాల్లా ఒకదానిలో ఒకటి కలిపి నునుపు చేయడం కుదరదు. వెంట్రుకవాసి గీతలు పక్కపక్కన వేలకొద్దీ గీస్తూ నీడలు తేవాలి. పట్నం కోడిగుడ్ల సొన లేతగా ఉంటుంది, పడుచువాళ్ల ముఖాలకు అది వాడమనీ, ముసలివాళ్ల ముఖాలకు పల్లెకోళ్ల ముదురు సొన వాడమనీ చెన్నీని సలహా.

ఈ పాత చిత్రాల్లో ముఖాలు ఆకుపచ్చగా ఎందుకుంటాయి?

చర్మం వేసేచోట ముందు ఆకుపచ్చ మట్టిరంగు పూసి, ఆ మీద గులాబీ గీతలు వేసేవాళ్లు. కింది పచ్చదనం నీడల్లో కనబడుతూ, పైన ఉన్న గులాబీకి జీవం పోస్తుంది. శతాబ్దాల అరుగుదల, మోటుగా చేసిన శుభ్రత కలిసి చాలా చిత్రాల్లో గులాబీని తినేశాయి. నకలు తీసేవాడికి అసలు చిక్కు ఇక్కడే. ఇవాళ కనబడే పచ్చ ముఖం వేయాలా, నాటి గులాబీ ముఖం వేయాలా? కొనేవాళ్లు సాధారణంగా పాతదనమే అడుగుతారు. నా మటుకు రెండోదే సరైన నకలు. అరుగుదలను కూడా గీసి పెడితే అది కాలం చేసిన పనికి నకలవుతుంది, సిమోనే చేసినదానికి కాదు. కొత్త బంగారం, కొత్త ముఖాలు మొదట కంటికి మోటుగా అనిపిస్తాయన్నది నిజమే. 1333లోనూ అవి కొత్తవే కదా.

నకలుకూ నకిలీకీ గీత ఎక్కడ?

ఈ పాతదనం దగ్గరే. సియెనాలో ఇచీలియో ఫెదెరీకో జోనీ (1866–1946) ఈ పద్ధతులన్నీ క్షుణ్ణంగా నేర్చి, పాతవిగా కనబడే చిత్రాలు వేశాడు. చివరికి 1932లో ఆత్మకథ రాసి తనే చెప్పుకొన్నాడు. ఇలాంటివాటిని పట్టించినవాటిలో ప్రభామండలాల ముద్రలూ ఉన్నాయి. ఒక్కో కార్ఖానాకు తనవైన ముద్రలుండేవి. పరిశోధకులు వాటి ఆకారాలు కొలిచి పోల్చారు. వేర్వేరు పాత చిత్రకారులవని చెప్పిన పలకల మీద ఒకే ముద్ర కనబడితే అనుమానించక తప్పదు.

నిజాయితీగల నకలు వెనకవైపు వేసినవాళ్ల పేరు, సంవత్సరం ఉంటాయి. కొనేవాళ్లు ఇంకో మాట కూడా అడగాలి: బంగారం అసలు రేకేనా, ఇత్తడి రేకా? ఇత్తడి రేకు మీద వార్నిష్ లేకపోతే కొన్నేళ్లలో నల్లబడుతుంది. ప్రింటు మీద కుంచెతో వార్నిష్ పూసి చేతిపని అని అమ్మేవాళ్లూ ఉన్నారు. పలకను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూడండి. బంగారం వెలుగుతూ ఆరుతూ ఉండాలి. ముఖంలో విడివిడి గీతలు కనబడాలి, భూతద్దంలో చూస్తే ప్రింటు చుక్కలు కనబడకూడదు.